కాలయంత్రమూ, మా మేనమామా

చూచిన సినిమానే మళ్ళీ డబ్బిచ్చి చూడడం తెలివిగల పని కాదని మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉన్నది. ఆ అభిప్రాయం నాది కాదు గనుక దాని మంచిచెడ్డల జోలికి పోను. "ఆదిత్య 369" కొత్త మెరుగులు దిద్దుకొని 2025 ఏప్రిల్ 4వ తేదీన మళ్ళీ విడుదలవుతున్న దని చదవగానే నాకు ముప్ఫైమూడేండ్ల క్రిందటి నల్లగొండ, ఆ ఊళ్ళో ఒక చలిరాత్రి, మా మేనమామ జ్ఞాపకం వచ్చినారు. ఈ మూడింటినీ విడదీసి ఆ సినిమాను గురించి మాట్లాడడం నాకు చేతకాదు.

ఆ చిత్రం మొదట విడుదలైంది 1991 జూలై 18న. అయితే మాబోటి వాళ్ళకు విడుదల తేదీలు వేరే ఉండేవి. ఆముదాలు ఇల్లు చేరి, అంగడికి పోయి, అప్పిచ్చిన వాళ్ళు తమ వంతు తీసుకొని వెళ్ళిన తరువాత చేతిలో ఏమైనా మిగిలితే, ఆనాడు మాకు సినిమా విడుదలైనట్లు. మర్రిగూడెం వైపు పల్లె మాది. మా మామ న న్నొక్కణ్ణే వెంట బెట్టుకొని నల్లగొండ తీసుకొని పోయినాడు. నాకు పదేండ్లు. బెంచీ టిక్కెట్టు. ముందు వరుసలో పెద్దమనిషి తలపాగా అడ్డం వస్తే మామ నన్ను తన భుజం మీదికి ఎత్తుకొన్నాడు. గిర్రున తిరిగే ఆ యంత్రాన్నీ, దానిలోంచి రాయలవారి కాలంలోకి పోయి పడ్డ కృష్ణకుమార్నీ, పోలీసు జవానునూ నేను మామ భుజం మీదినుంచే చూచాను. ఆట విడిచేసరికి ఆఖరు బస్సు పోయింది. బస్టాండులో సిమెంటు బల్ల మీద ఒక దుప్పటి ఇద్దరం కప్పుకొని పడుకొన్నాము. తెల్లవారి లేవబోతే మామకు నడుము పట్టుకొన్నది. గోడ ఆనుకొని లేచినాడు. సిమెంటు బల్లది తప్పని ఇద్దరమూ అనుకొన్నాము.

తప్పు బల్లది కాదని తెలియడానికి మరి కొన్నేండ్లు పట్టింది.

మామ కిప్పుడు డెబ్బయి దాటినవి. మెడ ప్రక్కకు తిరగదు. పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తాడు. వెన్ను వంగి బిగుసుకొన్నది. తల ఎత్తి చుక్కలు చూచి ఎన్నాళ్ళయిందో ఆయన లెక్క పెట్టుకోలేదు. మా పల్లెల్లో ఇది వింత కాదు, ఇంటికొకరో ఇద్దరో ఉండేవారు. చేదబావు లెండిపోయి, బోర్లు దిగి, చేతిపంపులు వచ్చినప్పుడు మావాళ్ళు కొబ్బరికాయలు కొట్టినారు. నల్లరాతిలో యుగాలనాటినుంచి నిలిచిన నీరు ఆ రాతిలోని ఫ్లోరైడును కరిగించుకొని పైకి వచ్చింది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాము మించరాదని శాస్త్రజ్ఞులు అంటారు. మా చేతిపంపులు ఆ మాట వినలేదు. ముందు పిల్లల పండ్లు గోధుమరంగు తిరిగినవి, తరువాత పెద్దల ఎముకలు బిగిసినవి.

సరే, ఈసారి సినిమాకు పోవడం నా ఆలోచన కాదు. మామకు మహబూబ్‌నగర్‌లో కంటి శుక్లం తీయించాము. నెల రోజులకు మళ్ళీ చూపించడానికి వచ్చి మా ఇంట్లో దిగినాడు. డాక్టరు ఇక భయం లేదని చెప్పిన రోజున మామ నా వైపు మొత్తం తిరిగి, "ఇంత మంచి చూపు వచ్చినంక ఉట్టిగ పోవుడేందిరా అల్లుడా? ఏమన్న చూపియ్యి" అన్నాడు. పిల్లలమఱ్ఱి చూపిస్తా నన్నాను. "చెట్లు మా కాడ లేవా?" అన్నాడు. అప్పుడు పత్రికలోని ప్రకటన చూపించాను. బొమ్మ గుర్తుపట్టి, "ఈ సైన్మకు మనం బస్సు తప్పిపోయినం గద" అన్నాడు.

హాలులో ఒక చిక్కు వచ్చింది. తల ఎత్తలేని మనిషికి ముందు వరుసలు పనికిరావు. వెనుక వరుసలు ఎత్తులో ఉంటాయి గాని మెట్లెక్కాలి. కూర్చున్నవాడి కళ్ళకు తెర సూటిగా ఉండే వరుస ఏదని టిక్కెట్ల అబ్బాయిని అడిగాను. ఇటువంటి ప్రశ్న అత న్నెవరూ అడిగి ఉండరు, నవ్వినాడు. మామను చూచి నవ్వు మానివేసి, తానే లోపలికి వచ్చి, మూడు వరుసల్లో తానే వంగి కూర్చొని చూచి, ఒక చోటు నిశ్చయించినాడు. విమర్శకులు ఎన్ని విధాల సినిమాలను తూచినా ఇట్లా తూచినవాడు నా ఎరుకలో లేడు.

ఇక కథ సంగతి. ఇంగ్లీషులో హెచ్. జి. వెల్స్ 1895లో "ది టైం మెషీన్" అని ఒక చిన్న నవల వ్రాసినాడు. సింగీతం శ్రీనివాసరావు గారు కాలేజీ చదువునాడు దానిని చదివి, ఆ మత్తు వదలక, ఎంతో కాలానికి ఈ చిత్రం తీసినారు. ఆ సంగతి వారే చెప్పుకొన్నారు. నవలకు ఇది అనువాదం కాదు. వెల్స్ మనిషి ముందుకే పోతాడు గాని వెనుకకు పోయి ఏ రాజునూ పలుకరించడు. మనవాళ్ళు యంత్రం చేతికి రాగానే వెనుకకు మళ్ళించి, 1526కు, విజయనగరానికి పోయినారు. ఇది తెలుగు స్వభావ మనుకొంటాను. మనకు ఎవరు ఏ వాహన మిచ్చినా మొదట భువనవిజయానికే తోలుతాము. తెలుగు చెప్పి పొట్ట పోసుకొనే నేను ఆ మాట ఆక్షేపణగా అనడం లేదు. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడై రాగానే నేను కుర్చీ అంచుకు జరిగినాను. అసలు ఆ కవి రాయల కొలువులో ఉన్నాడా, తరువాతి కాలంవాడా అని పండితులు తగవు పడుతున్న సంగతి జ్ఞాపకం వచ్చినా ఆ రెండున్నర గంటలు నోరు మూసుకొన్నాను.

కాలం మీద సవారీ మనకు కొత్త కాదు. రైవతుడు కూతురు రేవతిని వెంట బెట్టుకొని, తగిన వరుడెవరని అడగడానికి బ్రహ్మలోకం పోయి, అక్కడ పాట అయిపోయేదాకా కాసేపు కాచుకొని తిరిగివస్తే, ఇక్కడ ఇరవైయేడు మహాయుగాలు గడచినవని భాగవతం చెబుతుంది. అనుకొన్న వరులే కాదు, వారి మనుమల మనుమలు కూడా లేరు. చివరికి బలరాము డామెను పెండ్లాడినాడు. మన కథలో యంత్రం లేదు, పాట ఉన్నది. వెల్స్ కథలో పాట లేదు, దంతమూ స్ఫటికమూ బిగించిన యంత్ర మున్నది. ఏది మేలో ఎవరి కిష్టమైనట్లు వారు చెప్పుకోవచ్చును.

వెల్స్ మనిషి దిగిన చోటు క్రీ. శ. 802701. అక్కడ మనుష్యజాతి రెండుగా చీలిపోయింది. నేల మీద తోటల్లో పండ్లు తిని ఆడుకొనే సుకుమారు లొకజాతి. నేల క్రింద చీకట్లో యంత్రాలు త్రిప్పుతూ, రాత్రివేళ పైకి వచ్చి ఆ సుకుమారులనే పట్టుకొని తినే తెల్లని పాలిపోయిన జీవులు మరొక జాతి. వీళ్ళెవరంటే, యజమానులూ, వాళ్ళ కూలీలూ. పని చేసేవాళ్ళను కంటికి కనుపించకుండా నేల క్రిందికి నెడుతూ నెడుతూ పోతే ఎనిమిది లక్షల యేండ్ల తరువాత ఏమవుతుందో వెల్స్ లెక్క కట్టినాడు. ఊరికే ఊహించింది కాదు. అతని తల్లి ససెక్స్‌లో అప్‌పార్క్ అనే గొప్పవారి భవంతిలో ఇల్లు చూచుకొనే ఉద్యోగం చేసేది. అక్కడ నౌకర్లకు నేలమాళిగలూ, వంటయింటికి పోవడానికి సొరంగాలూ ఉండేవి. ఆ సొరంగాలలో తిరిగిన పిల్లవాడు ఆ నవల వ్రాసినాడు.

తమాషా ఏమంటే ఈ నవల తెరకెక్కినప్పుడల్లా కూలీ మెల్లగా జారిపోయి యుద్ధం వచ్చి కూర్చుంటుంది. 1960లో జార్జ్ పాల్ తీసిన చిత్రంలో కాలయాత్రికుడు దారిలో 1917లోనూ, 1940లోనూ ఆగి, 1966లో అణుబాంబు పడడం చూస్తాడు. జనం ప్రాణభయంతో సొరంగాలలో దూరినారనీ, దూరినవాళ్ళలో కొందరు అక్కడనే ఉండిపోయినారనీ అందులో కారణం చెప్పినారు. పదిహేనేండ్ల క్రిందటనే హిరోషిమా చూచినవాళ్ళు వేరే కారణం ఎట్లా చెబుతారు? మన చిత్రంలోనూ 2504 సంవత్సరంలో అంతే. అణుయుద్ధమై, పైన బ్రతకడానికి వీలులేక మనుష్యులందరూ భూగర్భంలో ఊళ్ళు కట్టుకొని ఉంటారు. అక్కడ యజమాని లేడు, కూలీ లేడు, అందరిదీ ఒకటే పాతాళం. నేను పక్కకు వంగి ఈ సంగతి మామకు చెప్పబోతున్నాను. పాఠం చెప్పేవాడికి చీకట్లో కూడా నోరు ఊరుకోదు.

మామ ముందుగా అడిగినాడు.

"వీళ్ళు నేలకింద ఉన్నరు గద, మరి ఏ నీళ్ళు తాగుతున్నరురా?"

నేను నవ్వినాను. ముందు వరుసలో ఒక పిల్ల కూడా నవ్వింది. మామ నవ్వలేదు. తెర మీద మెరిసే గోడలూ, తలుపులూ, యంత్రాలూ పోతున్నవి. ఆయన వాటిలో చేతిపంపు వెతుకుతున్నాడు. "అంత లోతుకు పోయినంక బోరు నీళ్ళేనాయె. వాటిని ఇగురం చేసేటోడు ఎవడన్న ఉన్నడా?" అని మళ్ళీ తనలో తాను అనుకొన్నాడు. ఇంగ్లీషు నవల చదివినవాణ్ణి, 1960 చిత్రం సంగతి తెలిసినవాణ్ణి, నా దగ్గర జవాబు లేదు. వెల్స్‌కూ ఆ ప్రశ్న తట్టలేదు.

ఇంటికి వచ్చి అన్నం తింటూ, యంత్రం మనకిస్తే ఏ కాలానికి పోతావని మామను అడిగినాను. రాయల కాలం ఎట్లా ఉన్నదన్నాను.

"రాయలకాడ నాకేం పని? గుర్రాలకు గడ్డి కొయ్యమంటడు" అన్నాడు.

దీనికి జవాబు చెప్పవచ్చు ననుకొన్నాను గాని, పుస్తకాలు తీస్తే మామే గెలిచినాడు. రాయలవారు మన వైపు వచ్చిన మాట నిజమే. వచ్చింది కవులతో కాదు, దండుతో. గద్దెనెక్కిన మొదటిరోజుల్లో, 1509-10 ప్రాంతంలో, మన కోయిల్‌కొండ దగ్గర బిజాపురం వాళ్ళతో పోరు జరిగిందని చరిత్రకారులు వ్రాస్తారు. తరువాత తూర్పు దండయాత్రలో ఆయన పట్టుకొన్న దుర్గాల పట్టికలో ఉండ్రుకొండ, అర్వపల్లి, నల్లగొండ పేర్లు వరుసగా కనుపిస్తవి. గుర్రాలకు గడ్డి కోసినవాళ్ళ పట్టిక మాత్రం ఎక్కడా లేదు.

అటువంటి పట్టికను ఒకాయన వ్రాయబోయినాడు. ఆయన పాలమూరు జిల్లా బిడ్డే. సురవరం ప్రతాపరెడ్డి గారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 1949లో వచ్చింది, 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం దానికే దక్కింది. రాజుల పెండ్లిండ్లు విడిచిపెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలాడినారు అని కావ్యాలలో వెతికి వెతికి తీసిన పుస్తకమది. "ఆముక్తమాల్యద"ను ఎంతమందిమో చదివినాము, అలంకారాలు ఏరినాము. సురవరం వారు అందులో వంటయిల్లు చూచినారు. విష్ణుచిత్తుడు వానకాలంలో అతిథులకు వరియన్నమూ, పప్పూ, పొగపిన కూరలూ, వడియాలూ, నెయ్యీ, పెరుగూ పెట్టడం. ఎండకాలంలో గోరువెచ్చని అన్నమూ, చారూ, మజ్జిగ పులుసూ, పలుచని అంబలీ, చెరుకురసమూ, లేత కొబ్బరినీళ్ళూ ఇవ్వడం అందులో ఉన్నవి. నాకు తెలిసినంతలో యంత్రం లేకుండా వెనుకకు పోయి వచ్చినవా డాయనే.

నీళ్ళ సంగతీ రాయలవారికి తెలియక పోలేదు. రాజ్యం చిన్నదైనా చెరువులూ కాలువలూ కట్టించి, పేదరైతుకు పన్ను తగ్గించితే ధర్మమూ ధనమూ రెండూ పెరుగుతవని "ఆముక్తమాల్యద"లోనే నీతి చెప్పినాడు. చెప్పి ఊరుకోలేదు, నాగులాపురం దగ్గర, ఈనాటి హోస్పేట అది, రెండు కొండల నడుమ పెద్ద చెరువు కట్టించినాడు. 1520 ప్రాంతంలో ఆ పని జరుగుతుండగా చూచిన పేయిస్ అనే పోర్చుగీసు యాత్రికుడు, పదిహేను ఇరవై వేలమంది మనుష్యులు చీమలవలె క్రమ్ముకొని ఉన్నారనీ, వాళ్ళు నడిచే నేల కంటికి కనుపించలేదనీ వ్రాసినాడు. కట్ట నిలవక రెండు మూడుసార్లు తెగిపోతే బలి ఇవ్వాలని బ్రాహ్మణులు చెప్పినారట. మనుష్యులను, గుర్రాలను, దున్నపోతులను బలి ఇచ్చినారని కూడా పోర్చుగీసులు వ్రాసిపెట్టినారు.

సినిమాలో దర్బారున్నది, వజ్రమున్నది, ఆటకత్తె ఉన్నది. చెరువుకట్ట లేదు. దీనికి సింగీతం వారిని తప్పు పట్టడం లేదు. టిక్కెట్టు కొని వచ్చినవాడికి మట్టితట్టలు చూపితే ఎవరు చూస్తారు? అయినా నేను పాఠం చెప్పే తరగతిలో కూర్చొనే పిల్లల్లో ఎందరి ఇండ్లలో ఆ చీమల వంశం వాళ్ళున్నారో నాకు తెలుసు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీ ఉంటాడని ఒక పేరు. గుంపుమేస్త్రీ వచ్చి అడ్వాన్సిచ్చి, ఆలుమగలిద్దరినీ లారీ ఎక్కించుకొని పోతే, పిల్లలు ముసలివాళ్ళ దగ్గర ఉండి చదువుకొనేవారు. మా నల్లగొండ సంగతి ఇంకొక చోద్యం. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం మా జిల్లాలోనే ఉన్నది. కృష్ణ పల్లంలో పారింది, మా ఊళ్ళు మిట్టమీద ఉండి చేతిపంపు కొట్టుకొన్నవి. నాగపూరు శాస్త్రజ్ఞులు పటికా సున్నమూ కలిపి నీళ్ళలో ఫ్లోరైడు తీసే ఉపాయం కనిపెట్టి, దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరు పెట్టినారు. ఊరి పేరు శాస్త్రగ్రంథాల కెక్కింది, ఊరు మాత్రం ఆ నీళ్ళే త్రాగింది.

1996 లోక్‌సభ ఎన్నికలలో ఈ నీళ్ళ బాధ లోకానికి తెలియాలని నల్లగొండ స్థానానికి జనం గుంపులుగా నామినేషన్లు వేస్తే 480 మంది అభ్యర్థులు నిలిచినారు. ఓటుకాగితం పుస్తకమై, ఎన్నిక వాయిదా వేయవలసి వచ్చింది. ఆ పోలింగునాటి సంగతి అడిగితే మామ ఇప్పటికీ అంటాడు: "మన గుర్తు ఏ పేజీల ఉన్నదో ఎతుకుతుంటెనే సగం పొద్దు పోయింది."

ఇప్పుడు మా పల్లెలో కృష్ణనీళ్ళు నల్లాలో వస్తున్నవి. ఈ మధ్య పుట్టిన పిల్లల పండ్లు తెల్లగా ఉన్నవి. చేతిపంపు పిడి తుప్పుపట్టి మేకలు కట్టడానికి పనికివస్తున్నది. బిగిసిన ఎముక మాత్రం మంచినీళ్ళు త్రాగినందువల్ల వదులు కాదు.

"సరే, రాయలకాడికి వద్దు, పాతాళానికి వద్దు, మరెక్కడికి పోతావు?" అని ఆ రాత్రి మళ్ళీ అడిగినాను. మామ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మనూరి బోరు బండి వచ్చిన దినం ఉన్నది చూడు, నువ్వు పుట్టకముందు. ఆ దినానికి పోతె మంచిగుండు" అన్నాడు. పోయి ఏం చేస్తావన్నాను. "ఏం జేస్త? కొబ్బరికాయ నేనే కొట్టిన్నాయె. వద్దంటె ఎవరు వింటరు? నీళ్ళు లేక చస్తున్నం గద అప్పుడు."

తెల్లవారి బస్టాండుకు పోయినాము. కల్వకుర్తి బస్సు ఆలస్యం. సిమెంటు బల్ల మీద కూర్చొని, వెల్స్ కథ చివర నేను చెప్పినాను. ఆ యంత్రమెక్కిన మనిషి ఒకసారి తిరిగివచ్చి, చెప్పిన సంగతులు ఎవరూ నమ్మకపోతే, మరునాడు మళ్ళీ బయలుదేరినాడనీ, మూడేండ్లయినా తిరిగి రాలేదనీ అన్నాను.

"పోయేటప్పుడు ఏమన్న ఎంట తీస్కపోయిండా?"

"ఒక చంకలో చిన్న కెమెరా, ఒక చంకలో సంచి."

"సంచిల ఏమున్నది?"

"అది వ్రాయలేదు మామా."

"నీళ్ళు పెట్టుకొనే ఉంటడు" అన్నాడు మామ. అంతలో బస్సు వచ్చింది.